మేనేజర్ ముందా, జట్టు ముందా?

ప్రశ్న ఇది: ఫుట్‌బాల్ లీగ్ పట్టికలో కిందికి జారుతున్న క్లబ్ ముందు మేనేజర్‌ను, అంటే జట్టును నడిపే ప్రధాన కోచ్‌ను మార్చాలా, లేక కొత్త ఆటగాళ్లను తెచ్చి ఉన్న మేనేజర్‌కే ఇంకో అవకాశం ఇవ్వాలా?

రాబోయే ట్రాన్స్‌ఫర్ విండోలో, అంటే వేసవిలోనూ జనవరిలోనూ ఆటగాళ్లను కొనడానికి తెరిచి ఉండే గడువులో, ఎవరిని కొనాలో ఇప్పుడున్న మేనేజర్ చెబితే, ఆ మాట నమ్మి సంతకం పెట్టగలమా అని యాజమాన్యం తనను తాను అడగాలి. పెట్టలేమంటే విండో తెరవకముందే అతన్ని పంపేయాలి. పెట్టగలమంటే పాయింట్లు ఎంత దారుణంగా ఉన్నా ఉంచుకోవాలి. మూడో దారి ఒకటుంది, 'ఒక్క విండో ఇచ్చి చూద్దాం' అనేది. చాలా క్లబ్బులు పట్టేది అదే. అన్నిటికన్నా ఖరీదైనదీ అదే.

2022 వేసవిలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ స్టెర్లింగ్, కూలిబాలి, కుకురెయ్యా, ఫొఫానాలను కొన్నది. విండో మూసే రోజు, సెప్టెంబర్ 1న, గోల్స్ కొట్టే స్ట్రైకర్ ఒబామెయాంగ్‌ను కూడా తెచ్చింది. జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌లో అప్పటి చెల్సీ మేనేజర్ టూకెల్ దగ్గరే ఆడినవాడు కాబట్టి టూకెల్‌కు నప్పుతాడని లెక్క. ఐదు రోజుల తర్వాత జాగ్రెబ్‌లో ఒబామెయాంగ్ చెల్సీ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు, జట్టు 1-0తో ఓడింది, మర్నాడే టూకెల్‌ను తీసేశారు. మేనేజర్ కోసం కొన్న స్ట్రైకర్ మిగిలాడు, మేనేజర్ లేడు. ఆ సీజన్‌లో చెల్సీ 12వ స్థానంలో ఆగింది.

లీడ్స్ కథ చిన్నది గానీ ఇంతకన్నా బాధాకరం. 2023 జనవరిలో మేనేజర్ జెస్సీ మార్ష్ ఆటతీరుకు సరిపోయేవాళ్లను తెచ్చారు. వాళ్లలో వ్యోబర్ వచ్చింది సాల్జ్‌బర్గ్ నుంచి, అంటే మార్ష్ గతంలో కోచ్‌గా పనిచేసిన క్లబ్ నుంచి. విండో జనవరి 31న మూసుకుంది, మార్ష్‌ను ఫిబ్రవరి 6న తీసేశారు. ఇక్కడా ఆరు రోజులే. ఆ తర్వాత గ్రాసియా, చివరి నాలుగు మ్యాచ్‌లకు అలర్‌డైస్. జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది.

మాంచెస్టర్ యునైటెడ్ 2024లో ఇదే తప్పును నెమ్మదిగా చేసింది. ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్ఏ కప్ గెలిచాక కూడా మేనేజర్ టెన్ హాగ్‌కు ప్రత్యామ్నాయం ఎవరా అని వెతికి, ఎవరూ కుదరక జులైలో అతని కాంట్రాక్టునే పొడిగించింది. డి లిఖ్ట్, మజ్రౌయి, జిర్క్‌జీ, యోరో, ఉగార్టేలను కొని, అక్టోబర్ 28న జట్టు 14వ స్థానంలో ఉండగా అతన్ని తీసేసింది. అతనికీ సిబ్బందికీ పరిహారం సుమారు 1.04 కోట్ల పౌండ్లు. కొత్త మేనేజర్ అమోరిమ్‌ను వదిలినందుకు పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్‌కు సుమారు 1.1 కోట్ల యూరోలు. అసలు నష్టం మాత్రం ఆ చెక్కుల్లో లేదు. నలుగురు డిఫెండర్ల పద్ధతికి కొన్న జట్టు, ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో (మధ్య డిఫెండర్లు), అంచుల్లో ముందుకూ వెనక్కూ పరుగెత్తే ఇద్దరు వింగ్‌బ్యాక్‌లతో ఆడే మేనేజర్ చేతిలో పడింది. నిఖార్సైన ఎడమ వింగ్‌బ్యాక్ కోసం జనవరి విండోలో ఇటలీ క్లబ్ లెచ్చె నుంచి డోర్గును కొనాల్సి వచ్చింది. సీజన్ చివరికి 42 పాయింట్లు, 15వ స్థానం.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. టూకెల్‌ను తీశాక చెల్సీ ఎవరిని తెచ్చుకుంది? బ్రైటన్ నుంచి గ్రాహమ్ పాటర్‌ను. అంటే బ్రైటన్ కూడా విండో మూసిన వారానికే మేనేజర్‌ను పోగొట్టుకుంది, అదీ తన ఇష్టం లేకుండా. పది రోజుల్లో డి జెర్బీని తెచ్చుకుని 6వ స్థానంలో నిలిచింది. అదే నెల, అదే దెబ్బ, ఫలితాలు మాత్రం తలకిందులు. తేడా ఏమిటంటే, బ్రైటన్‌లో ఆటగాళ్లను ఎంచుకునేది క్లబ్. ఎలాంటి ఆట ఆడాలో, ఏ స్థానానికి ఏ గుణాలు కావాలో ముందే రాసిపెట్టుకుని, ఆ కొలతకు సరిపోయే ఆటగాళ్లనూ, అదే కొలతకు సరిపోయే మేనేజర్‌నూ వెతుకుతారు. చెల్సీలో ఆ ఏడాది అలాంటి కొలతే లేదు.

కాబట్టి మేనేజర్ ముందా, జట్టు ముందా అన్నదానికన్నా ముందు తేల్చాల్సింది ఒకటుంది. ఆటతీరును ఎవరు నిర్ణయిస్తారు? క్లబ్ తరఫున ఆటగాళ్లనూ కోచ్‌లనూ ఎంచుకునే స్పోర్టింగ్ డైరెక్టర్ ఉండి, అతని చేతిలో స్పష్టమైన కాగితం ఉంటే మేనేజర్‌ను ఎప్పుడు మార్చినా నష్టం పరిమితం. ఆ కాగితం లేని క్లబ్‌లో మేనేజరే ఆటతీరు. అక్కడ అతన్ని ఖాయం చేయకుండా జట్టు కొనడమంటే ఇంటి ప్లాను గీయకముందే తలుపులూ కిటికీలూ చేయించుకోవడం. కష్టాల్లో ఉన్న క్లబ్బుల్లో చాలావరకు ఈ రెండో రకానివే. అందుకే సాధారణ సలహాగా మేనేజర్ ముందు, జట్టు తర్వాత అంటాను.

అయితే మేనేజర్‌ను మార్చాల్సిన అవసరం నిజంగా ఉందా అన్నది ముందు తేలాలి. తప్పు రోగనిర్ధారణ జరిగేది ఎక్కువగా ఇక్కడే. వరుసగా నాలుగు ఓటములు వస్తే ఎవరైనా పనికిరానివాడిలాగే కనిపిస్తాడు. కొత్తవాడు వచ్చాక రెండు గెలిస్తే అతని చలవే అనిపిస్తుంది. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు సీజన్లను పరిశీలించిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం దీన్నే తవ్వి చూసింది. అదే స్థాయిలో పడిపోయి మేనేజర్‌ను మార్చిన క్లబ్బులూ, మార్చని క్లబ్బులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. అదృష్టం బాగా కిందికి పోయాక ఎలాగూ పైకే వస్తుంది.

అందుకే పాయింట్లు పక్కనపెట్టి, కనీసం పన్నెండు నుంచి పదిహేను మ్యాచ్‌ల ఎక్స్‌జీ తేడా చూడాలి. ఎక్స్‌జీ అంటే సృష్టించుకున్న అవకాశాల నాణ్యతను బట్టి రావాల్సిన గోల్స్. మన అంకెలోంచి ప్రత్యర్థి అంకె తీసేస్తే తేడా వస్తుంది. ఆ తేడా సున్నా దగ్గరో పైనో ఉండి పాయింట్లు మాత్రం రావడం లేదంటే, స్ట్రైకర్ గురి తప్పుతున్నాడు, లేదా గోల్‌కీపర్ ఆపాల్సినవి ఆపడం లేదు. అది మేనేజర్‌ను పంపాల్సిన జబ్బు కాదు. తేడా మ్యాచ్‌కు 0.5 కన్నా ఎక్కువ ప్రతికూలంగా, నెలల తరబడి అలాగే సాగుతుంటే జబ్బు నిజమైనదే. అప్పుడు కారణం వెతకాలి.

కారణం వెతకడంలో మొదట చూడాల్సింది గాయాల పట్టిక. మొదటి ఎంపిక సెంటర్ బ్యాక్‌ల జంట, వాళ్ల ముందాడే మిడ్‌ఫీల్డర్ కలిసి ఎన్ని మ్యాచ్‌లు ఆడారో లెక్కేయండి. ఇరవైలో ఆరేడు మాత్రమే అయితే ఎంత గొప్ప మేనేజర్ అయినా అదే పట్టికలో అక్కడే ఉంటాడు. రెండోది గోల్స్ ఎలా పడుతున్నాయన్నది. కార్నర్లు, ఫ్రీకిక్‌ల మీదే ఎక్కువ పడుతుంటే దానికి అలాంటి ఆగిన బంతుల శిక్షణ చూసే సెట్‌పీస్ కోచ్ చాలు. 2021లో ఆర్సెనల్ ఆ పనికి నికొలాస్ జోవర్‌ను తెచ్చుకుంది, మేనేజర్‌ను మార్చలేదు. డెబ్బై ఐదో నిమిషం తర్వాతే పడుతుంటే శిక్షణ భారమో, బెంచ్ బలహీనతో చూడాలి. బంతి పోయిన వెంటనే మధ్యలో ఖాళీ దొరికి, ప్రతి మ్యాచ్‌లో అదే దారిన, మనిషి మారినా అదే పద్ధతిలో గోల్ పడుతుంటే మాత్రం అది మేనేజర్ ఖాతాలోనిదే. వేర్వేరు ఆటగాళ్లు ఒకే తప్పు చేస్తున్నారంటే ఆ తప్పు నేర్పినవాడిది.

ప్రెస్సింగ్, అంటే ప్రత్యర్థి మీదికి వెళ్లి బంతి కోసం ఒత్తిడి చేయడం, దాని అంకె కూడా చెప్పగలదు, చాలామంది చూడరు గానీ. ప్రత్యర్థి తన సగంలో ఎన్ని పాస్‌లు ఇచ్చాక మనవాళ్లు ఒకసారి అడ్డుపడుతున్నారు? ఆగస్టులో పది దగ్గర ఉన్నది నవంబర్‌కు పదిహేను దాటిందంటే, మేనేజర్ వ్యూహం మార్చలేదని తెలిసినప్పుడు, ఆటగాళ్లు అతని మాట వినడం మానేశారని అర్థం. పత్రికలు రాసే 'డ్రెస్సింగ్ రూమ్ చేజారింది' అనే మాటకు కొలిచి చూడగల రూపం ఇదొక్కటే. మిగతాది చాలావరకు ఏజెంట్ల గాసిప్.

పరీక్షలన్నీ అయ్యాక తప్పు జట్టుదేనని తేలితే మేనేజర్‌ను మార్చడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే. బర్న్లీ 2015లో ఇంగ్లండ్ మొదటి డివిజన్ ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది. ఆ స్థాయికి సరిపడా ఆటగాళ్లు లేరని యాజమాన్యానికి తెలుసు కాబట్టి మేనేజర్ షాన్ డైష్‌ను ఉంచుకుంది. ఇంగ్స్, ట్రిప్పియర్ వెళ్లిపోగా ఆండ్రె గ్రే, బార్టన్ వచ్చారు. మరుసటి ఏడాది 93 పాయింట్లతో రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్ గెలిచి తిరిగొచ్చారు. ఆర్సెనల్ ఇంకా కఠినమైన పరీక్ష ఎదుర్కొంది. వరుసగా రెండు సీజన్లు 8వ స్థానం. 2021 వేసవిలో వైట్, ఓడెగార్డ్, రామ్స్‌డేల్, తొమియాసు సహా ఆరుగురిని కొన్నారు, అందరూ 23 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ వయసువాళ్లే. సీజన్ మొదలవగానే మూడు ఓటములు, ఒక్క గోల్ లేదు, తొమ్మిది పడ్డాయి, పట్టికలో అట్టడుగు. అప్పుడు మేనేజర్ ఆర్టెటాను తీసేసి ఉంటే అతని కోసం కొన్న ఆరుగురు ఇంకొకరికి భారమయ్యేవారు. ఉంచారు. ఆ ఏడాది 5, ఆ తర్వాత వరుసగా 2వ స్థానాలు. కొన్నది అతన్ని నమ్మే కాబట్టి మూడు మ్యాచ్‌లకే ఆ నమ్మకం మారలేదు.

ఇప్పుడు మార్చాలనే తేలిందనుకుందాం. ఎప్పుడు మార్చాలన్నది క్యాలెండర్ చెబుతుంది.

వేసవిలో మార్చేదైతే ఏప్రిల్‌లోనే నిర్ణయం అయిపోవాలి. మే నెలాఖరుకు కొత్తవాడు సంతకం చేసి ఉండాలి. ప్రీ-సీజన్ జులై మొదట్లో మొదలవుతుంది, కీలకమైన ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లు ఆ మొదటి వారానికే మైదానంలో ఉండాలి. ఆగస్టు చివర్లో వచ్చే ఆటగాడు జట్టుతో కుదురుకునేది అక్టోబర్‌లో. సీజన్ మధ్యలో మార్చేదైతే అక్టోబర్, నవంబర్ అంతర్జాతీయ విరామాలు సరైన కిటికీలు. సుమారు రెండు వారాలు మ్యాచ్ ఉండదు, శిక్షణ ఉంటుంది. డిసెంబర్ మొదటి వారం దాటితే ఆలస్యం, ఎందుకంటే జనవరి విండోకు ముందు కొత్తవాడు జట్టును కనీసం మూడు నాలుగు వారాలు కళ్లారా చూడాలి. ఫిబ్రవరి మొదటి వారం, సెప్టెంబర్ మొదటి వారం అన్నిటికన్నా చెడ్డ ముహూర్తాలు. డబ్బంతా పోసేశాక మేనేజర్‌ను మార్చడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

సీజన్ మధ్యలో మార్చడం ఎలా ఉండాలో చూడాలంటే రెండు ఉదాహరణలు చాలు. 2022 అక్టోబర్‌లో ఆస్టన్ విల్లా మేనేజర్ జెరార్డ్‌ను తీసినప్పుడు 17వ స్థానంలో ఉంది. అతని స్థానంలో ఎమెరీ వచ్చాక జనవరిలో పెద్దగా కొన్నదేమీ లేదు, ఆలెక్స్ మొరెనో, కుర్ర స్ట్రైకర్ దురాన్ అంతే. సగం సీజన్ ఉన్నవాళ్లతోనే ఆడి 7వ స్థానానికి వచ్చారు. అప్పటికి ఎమెరీకి ఎవరు పనికొస్తారో, ఎవరు రారో లెక్క తేలింది. అసలు ఖర్చు 2023 వేసవిలో పెట్టారు. విల్లారియల్‌లో తన దగ్గరే ఆడిన పావ్ తోర్రెస్, జర్మనీ క్లబ్ లెవర్‌కుసెన్ నుంచి డియాబీ, ఉచితంగా టీలెమన్స్. 2024 మేలో 4వ స్థానం.

అదే 2022 అక్టోబర్‌లో లెవర్‌కుసెన్ జర్మనీ లీగ్ అయిన బుండెస్‌లీగాలో ఎనిమిది మ్యాచ్‌లకు ఐదు పాయింట్లతో 17వ స్థానంలో ఉంది. షాబి అలోన్సోను తెచ్చింది, అతనికి పెద్ద జట్టును నడిపిన అనుభవమే లేదు. ఆ సీజన్ 6వ స్థానంలో ముగిసింది. జట్టులో అప్పటికే టాహ్, విర్ట్స్, ఫ్రింపాంగ్, పలాసియోస్ ఉన్నారు, అంటే గోడలు గట్టివే. వేసవిలో ఖాళీలు మాత్రమే పూడ్చారు. మధ్యలో ఆట నడిపించే షాకా, ఎడమ వింగ్‌బ్యాక్‌గా ఉచితంగా గ్రిమాల్డో, ముందు బోనిఫాస్, హాఫ్‌మన్. మరుసటి ఏడాది 28 విజయాలు, 6 డ్రాలు, ఓటమి లేకుండా లీగ్ టైటిల్. ఎనిమిది నెలలు చూసి కొన్నారు కాబట్టే ప్రతి కొనుగోలూ ఒక ఖాళీకి సరిగ్గా అమరింది.

మేనేజర్ తేలే దాకా చేతులు కట్టుకు కూర్చోవాలని కాదు. పునర్నిర్మాణంలో సగం పని అమ్మకాలే, వాటికి మేనేజర్‌తో పనిలేదు. 25 మంది జాబితా ముందు పెట్టుకుని ప్రతి పేరు పక్కనా వయసు, మిగిలిన కాంట్రాక్టు ఏళ్లు, వారం జీతం, పుస్తకాల్లో మిగిలిన విలువ, గత రెండేళ్లలో అందుబాటులో ఉన్న మ్యాచ్‌ల శాతం రాయాలి. ముప్పై దాటి, మూడేళ్ల కాంట్రాక్టు మిగిలి, సగం మ్యాచ్‌లకు అందుబాటులో లేని ఆటగాడు ఏ మేనేజర్‌కూ అక్కర్లేదు. ఏడాది మాత్రమే మిగిలినవాళ్ల విషయంలో వేసవి మొదట్లోనే తేల్చాలి, కొత్త కాంట్రాక్టా, అమ్మకమా అని. లేదంటే వచ్చే జనవరికి వాళ్లు ఉచితంగా వేరే దేశపు క్లబ్‌తో ఒప్పందం చేసుకోవచ్చు.

కొనుగోళ్లలో కూడా కొన్ని స్థానాలు ఆటతీరును అంతగా పట్టించుకోవు. షాట్లు బాగా ఆపే గోల్‌కీపర్, బంతి లాక్కునే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్, ఎదురుగా ఒంటరిగా డిఫెండర్ దొరికితే దాటిపోగల వేగమున్న వింగర్ దాదాపు అందరికీ కావాలి. ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్), స్ట్రైకర్, సెంటర్ బ్యాక్ మాత్రం పూర్తిగా మేనేజర్ మీద ఆధారపడతాయి. డిఫెండర్ల వరసను బాగా ముందుకు జరిపి ఆడించేవాడికి వేగమున్న సెంటర్ బ్యాక్ కావాలి, వెనక్కి తగ్గి పెనాల్టీ పెట్టె ముందు కాపు కాయించేవాడికి తలతో గెలిచేవాడు కావాలి. ఒకరి బదులు ఇంకొకరిని కొంటే ఇద్దరూ చెడ్డవాళ్లలాగే కనిపిస్తారు. కాబట్టి మేనేజర్ ఖరారు కాకుండా రెండో వర్గాన్ని ముట్టుకోకూడదు. ఒక విండోలో మొదటి పదకొండులో నలుగురైదుగురికి మించి మార్చడమూ ప్రమాదమే. 2018లో ఫుల్‌హామ్ పది కోట్ల పౌండ్లకు పైగా పెట్టి పన్నెండు మందిని తెచ్చింది. నవంబర్‌లో మేనేజర్ యొకనొవిచ్‌నూ, ఫిబ్రవరిలో రనియేరినీ తీసేసింది. 19వ స్థానంతో కిందికి పోయింది.

కొత్త మేనేజర్ తన పాత ఆటగాళ్ల జాబితా పట్టుకొస్తే కాస్త ఆగాలి. ఒకరిద్దరైతే మంచిదే, పద్ధతి తెలిసినవాడు మిగతావాళ్లకు నేర్పుతాడు. విల్లాలో పావ్ తోర్రెస్ అలాంటివాడు. అంతకు మించితే మాత్రం క్లబ్ ఆటగాళ్లను వెతికిపెట్టే తన స్కౌట్లను పక్కనపెట్టి మేనేజర్ జ్ఞాపకశక్తి మీద కొంటున్నట్టు. యునైటెడ్ 2022లో, టెన్ హాగ్ పాత క్లబ్ అయాక్స్ నుంచి, అక్కడ అతని దగ్గర ఆడిన ఆంటొనీని సుమారు 9.5 కోట్ల యూరోలకు ఐదేళ్ల కాంట్రాక్టు మీద కొన్నది. లెక్కల్లో ఆ సొమ్ము ఏడాదికి 1.9 కోట్ల చొప్పున కరుగుతుంది, మూడేళ్లకు ఇంకా 3.8 కోట్లు మిగిలే ఉంటాయి. 2025లో బెటిస్‌కు అమ్మినప్పుడు వచ్చిన ఖాయమైన మొత్తం సుమారు 2.2 కోట్లు. మిగిలిన తేడా అదే ఏడాది ఖాతాలో నష్టంగా పడుతుంది. మేనేజర్‌కిచ్చే పరిహారం కూడా అంతే, వాయిదాల్లో పడదు, ఒకేసారి పడుతుంది. ఇవన్నీ చిల్లర లెక్కలు కావు. ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లకు 10.5 కోట్ల పౌండ్ల నష్టం దాటరాదన్న అప్పటి నిబంధన కింద 2023-24లో ఎవర్టన్‌కు రెండు విడతల్లో 8 పాయింట్ల కోత పడింది. ఆ క్లబ్ అంతకుముందు కొన్నేళ్లలో కూమన్, అలర్‌డైస్, సిల్వా, అంచెలోట్టి, బెనితెజ్, లాంపార్డ్ అంటూ మేనేజర్లను మార్చుతూ ఒక్కొక్కరి కోసం వేరే రకం ఆటగాళ్లను కొన్నది.

చివరగా తాత్కాలిక మేనేజర్ సంగతి. ఎంచుకున్నవాడు వేసవిలోనే దొరుకుతాడంటే మధ్యలో ఒక తాత్కాలికుణ్ని పెట్టడంలో తప్పులేదు. అతని కాంట్రాక్టు సీజన్ చివరి రోజుతో ముగియాలి, జనవరి కొనుగోళ్లలో అతని మాట చెల్లకూడదు. అతను గెలవడం మొదలుపెడితే చిక్కు వస్తుంది. 2018 డిసెంబర్‌లో యునైటెడ్‌కు తాత్కాలికంగా వచ్చిన సోల్‌షేర్ మొదటి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచాడు, మార్చి చివర్లో పూర్తికాలం కాంట్రాక్టు ఇచ్చేశారు. ఆ సీజన్ చివరి ఐదు లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. తాత్కాలికుడికి పూర్తికాలం ఇవ్వాలనుకున్నా ఆఖరి మ్యాచ్ ముగిసేదాకా ఆగి, బయటి అభ్యర్థులను ఏ కాగితంతో కొలిచారో అదే కాగితంతో అతన్నీ కొలవాలి. ఆ రెండు నెలల ఆలస్యం వల్ల పోయేదేమీ లేదు, ఎందుకంటే జూన్ దాకా కొనుగోళ్ల విండో తెరవదు.